డెవర్స్‌ను పంపేశారు, బ్రెగ్‌మన్‌నూ పోనిచ్చారు. రెడ్ సాక్స్ సాధించిందేమిటి?

యాష్‌లాండ్_రవి
మన బోస్టన్ బేస్‌బాల్ జట్టు రెడ్ సాక్స్‌ను వదిలి బ్రెగ్‌మన్ 2026 జనవరిలో షికాగో కబ్స్‌కు వెళ్ళిపోయాడు. అయిదేళ్ళు, 17.5 కోట్ల డాలర్లు. వార్త చూసినప్పటి నుంచి మనసు కుదుట పడలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

2025 ఫిబ్రవరిలో అతన్ని మూడేళ్ళకు 12 కోట్లకు తెచ్చారు. అతని కోసం డెవర్స్‌ను థర్డ్ బేస్ దగ్గర ఫీల్డింగ్ చేసే చోటు నుంచి లేపి, నువ్వు బ్యాటింగ్ మాత్రం చెయ్యి అన్నారు. డెవర్స్ ఎవరు? పదహారేళ్ళ పిల్లవాడిగా 2013లో డొమినికన్ రిపబ్లిక్ నుంచి ఈ సంస్థలోకి వచ్చినవాడు. 2018లో కప్పు గెలిచిన జట్టులో ఉన్నవాడు. పదేళ్ళకు 31.35 కోట్ల ఒప్పందం చేసుకుని, ఇక ఇక్కడే ఉంటాడని మనందరం నమ్మినవాడు. 2025 జూన్ 15న శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కు పంపేశారు. ఎవరి కోసం ఈ రభస అంతా మొదలైందో ఆ బ్రెగ్‌మన్ ఒక్క సీజన్ ఆడి సెలవు తీసుకున్నాడు. అతను వెళ్ళాక థర్డ్ బేస్ ఖాళీ అయిపోయింది.

బెట్స్ పోయాడు, బోగార్ట్స్ పోయాడు, డెవర్స్ పోయాడు. ముగ్గురూ ఈ జట్టు పెంచిన పిల్లలే. డబ్బు లేని జట్టయితే సర్దుకుపోతాం. మన మైదానం ఫెన్వేలో టికెట్ల ధర చూస్తే అలా అనిపించదు. ఇందులో ఆలోచన ఏమిటో ఎవరైనా చెప్పండి.

బ్రాంక్స్_బావగారు
1920 జనవరిలో మీ స్టార్ బేబ్ రూత్‌ను లక్ష డాలర్లకు మా న్యూయార్క్ యాంకీస్‌కు అమ్మినట్టు ప్రకటించారు. వందేళ్ళ సంప్రదాయం, వదులుకోకండి.

యాష్‌లాండ్_రవి
బావగారూ, ఆ అమ్మకం తర్వాత 2004 దాకా కప్పు మొహం చూడలేదు మా వాళ్ళు. 1918 నుంచి లెక్కేస్తే 86 ఏళ్ళు. ఆ కథ తల్చుకునే భయపడుతున్నాను.

లెక్కల_మాస్టారు
రవి గారు రెండు వేరు వేరు నిర్ణయాలను ముడివేస్తున్నారు. విడదీసి చూద్దాం.

బ్రెగ్‌మన్ ఒప్పందంలో మొదటి రోజు నుంచే వెళ్ళిపోయే హక్కు ఉంది. మొదటి ఏడాది తర్వాత కావాలంటే వెళ్ళొచ్చు, రెండో ఏడాది తర్వాత కూడా. బాగా ఆడితే వెళ్తాడు, ఆడకపోతే ఉంటాడు అని సంతకం పెట్టిన నాడే అందరికీ తెలుసు. మధ్యలో తొడ కండరం గాయంతో వారాల తరబడి ఆడకపోయినా .273 బ్యాటింగ్ సగటు, 18 హోమ్ రన్లు (బంతి గోడ దాటే దెబ్బలు). మార్కెట్లో అడిగాడు, దొరికింది. అందులో మోసం లేదు.

డెవర్స్ సంగతి వేరు. అతని ఒప్పందం 2033 దాకా ఉంది. ట్రేడ్ నాటికి ఇంకా 25 కోట్లకు పైగా చెల్లించాల్సి ఉంది. ఆ భారమంతా జెయింట్స్ తీసుకున్నారు. ట్రేడ్ జరిగిన రోజుకు మన జట్టు 37 గెలిచి 36 ఓడింది. ఆ తర్వాత 52 గెలిచి 37 ఓడింది. 2021 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కు వెళ్ళాం. అతను లేకపోతే జట్టు కూలిపోతుందన్నవాళ్ళకు ఈ అంకెలే జవాబు.

బ్రాంక్స్_బావగారు
ప్లేఆఫ్స్‌లో ఎవరి చేతిలో ఓడారో రాయడం మరిచారు మాస్టారూ.

లెక్కల_మాస్టారు
మీ చేతిలోనే. మొదటి మ్యాచ్‌లో మన పిచర్ (బంతి వేసేవాడు) క్రోషె మీవాళ్ళను 11 మందిని స్ట్రైకవుట్ చేసిన సంగతి కూడా కలిపి రాసుకోండి.

శాన్‌హోసే_శ్రీను
మా ఊరి మాట కూడా వినండి. డెవర్స్ వచ్చిన రోజు మా ఆఫీసులో జెయింట్స్ అభిమానులు పండగ చేసుకున్నారు. బ్యారీ బాండ్స్ తర్వాత అంత బలంగా కొట్టే ఎడమచేతి బ్యాటర్ మాకు సరిగా దొరకలేదు. మా మైదానం ఆరకిల్ పార్కులో కుడివైపు గోడ 24 అడుగుల ఎత్తు, ఎడమచేతివాళ్ళకు హోమ్ రన్ అంత తేలిగ్గా రాదు. అయినా రెండు జట్లకూ కలిపి 35 కొట్టాడు, అందులో 20 మాకే.

ఫలితం మాత్రం 81 గెలుపులు, 81 ఓటములు. ప్లేఆఫ్స్ లేవు. కోచ్ బాబ్ మెల్విన్‌ను తీసేసి, కాలేజీ జట్టును నడిపిన టోనీ విటెల్లోను టెనెసీ నుంచి తెచ్చారు. ఒక్క ఆటగాడితో జట్టు నిలబడదు, అది ఒప్పుకుంటాను. కానీ ఫస్ట్ బేస్ ఆడనని బోస్టన్‌లో పట్టుబట్టిన మనిషి ఇక్కడికి రాగానే చేతికి ఫస్ట్ బేస్ గ్లవ్ తొడుక్కున్నాడు. అతను మొండివాడని రాసేవాళ్ళు ఈ ముక్క మరిచిపోతున్నారు. అడగడంలో తేడా ఉంది.

వెస్ట్‌బరో_లలిత
శ్రీను గారి చివరి మాట నూటికి నూరుపాళ్ళు నిజం. అడిగిన తీరే కొంప ముంచింది.

వరస గుర్తు చేసుకోండి. శిక్షణ శిబిరంలో థర్డ్ బేస్ నాది అన్నాడు. సరే, బ్యాటింగ్ మాత్రమే అన్నారు, ఒప్పుకున్నాడు. సీజన్ మొదట్లో 19 సార్లు వెళ్ళి ఒక్క హిట్ లేదు, అది చూసి ఊరంతా తిట్టింది. తర్వాత కుదురుకుని దంచాడు. మే నెలలో ఫస్ట్ బేస్ ఆడే కసాస్ మోకాలు దెబ్బతినగానే, ఇప్పుడు ఫస్ట్ బేస్ ఆడు అన్నారు. గ్లవ్ పక్కన పెట్టమన్నది వాళ్ళే, తియ్యమన్నదీ వాళ్ళే. ఆటగాడికి కోపం రాదా? యజమాని జాన్ హెన్రీ విమానమెక్కి కాన్సస్ సిటీ దాకా వెళ్ళి మాట్లాడాల్సి వచ్చిందంటే ముందు ఎవరూ సరిగా మాట్లాడలేదనే కదా.

మా అబ్బాయికి పుట్టినరోజుకు డెవర్స్ చొక్కా కొన్నాం, వీపు మీద 11, పైన పేరు. జూన్ తర్వాత దాన్ని బీరువాలో అడుగున పెట్టాడు. వాడికంటే ముందు మా పెద్దవాడు బెట్స్ చొక్కాను అలాగే పెట్టాడు.

బ్రాంక్స్_బావగారు
రెడ్ సాక్స్ సొంత ఊళ్ళో వేసుకునే చొక్కా మీద పేరు ఉండదు, అంకె ఒక్కటే. ఇకమీద అదే కొనండి లలిత గారూ, తర్వాత ఎవరు వచ్చినా పనికొస్తుంది.

వెస్ట్‌బరో_లలిత
మంచి సలహా యాంకీస్ అభిమాని నుంచి రావాల్సి వచ్చింది.

ప్లేనో_ప్రసాద్
డెవర్స్ బాధ నాకు తెలుసు. ఇదివరకు ఒక కంపెనీలో నేను మొదటి నుంచీ నడిపిన ప్రాజెక్టును కొత్తగా చేరినాయన చేతికి ఇచ్చారు. ఒక్క మాట ముందుగా చెప్పలేదు, సమావేశంలో తెరమీద పేర్ల పట్టిక చూసి తెలుసుకున్నాను. జీతం తగ్గించలేదు, హోదా తగ్గించలేదు. అయినా ఆ కుర్చీలో ఇక కూర్చోబుద్ధి కాలేదు, కొన్నాళ్ళకు మానేశాను. డబ్బు ఇస్తున్నాం కదా అని ఎలాగైనా మాట్లాడవచ్చు అనుకోవడం పొరపాటు.

లెక్కల_మాస్టారు
ప్రసాద్ గారూ, మీ జీతం ఏడాదికి మూడు కోట్ల డాలర్లయితే కొంచెం సర్దుకునేవారేమో ఆలోచించండి. అంత జీతం తీసుకునేవాడు జట్టుకు అవసరమైన రోజు అడుగు ముందుకు వెయ్యాలి.

బెట్స్‌ను చూడండి. ఉత్తమ ఫీల్డర్లకు ఇచ్చే బంగారు గ్లవ్‌లు గెలిచిన రైట్ ఫీల్డర్. మన దగ్గర నుంచి అతను వెళ్ళిన లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కు షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) లేక ఇబ్బంది అయితే ముప్పై దాటిన వయసులో వెళ్ళి ఆడాడు. 2025 ఫైనల్లో టొరంటోలో ఏడో మ్యాచ్, పదకొండో ఇన్నింగ్స్, డాడ్జర్స్ ఒక్క పరుగు ఆధిక్యంలో ఉన్నారు. టొరంటో బ్యాటర్ కర్క్ బ్యాటు విరిగి బంతి నేల మీద దొర్లుకుంటూ వచ్చింది. అందుకుంది బెట్సే. అదే ఊపులో సెకండ్ బేస్ తొక్కి, ఫ్రీమన్‌కు విసిరి, ఒక్క బంతికి ఇద్దరిని అవుట్ చేసి కప్పు చేతికిచ్చాడు. పదేళ్ళు అవుట్‌ఫీల్డ్‌లో తిరిగిన మనిషి చేసిన పని అది.

యాష్‌లాండ్_రవి
మాస్టారూ, మీరే నా వాదన గెలిపించారు. ఆ బెట్స్ మన బెట్సే! 2018లో ఎమ్‌వీపీ, అంటే లీగ్‌లో ఉత్తమ ఆటగాడు. ఆ ఏడాది 108 మ్యాచ్‌లు గెలిచాం. రెండేళ్ళు తిరక్కుండా ఇచ్చేశాం. వాళ్ళకు 2020లో కప్పు, 2024లో కప్పు, 2025లో కప్పు. మనకు 2020లో ఆఖరి స్థానం, 2022లో ఆఖరి స్థానం, 2023లో ఆఖరి స్థానం.

గుంటూరు_క్రికెట్
నేను ఈ ఆటకు కొత్త, ఐపీఎల్ మాత్రమే తెలుసు. ఆటగాడిని అడగకుండా వేరే జట్టుకు పంపేయవచ్చా? ఐపీఎల్‌లో సంజూ శాంసన్ చెన్నైకి, జడేజా రాజస్థాన్‌కు మారినప్పుడు ఆటగాళ్ళు ఒప్పుకోవాలనే నిబంధన ఉంది కదా.

ప్లేనో_ప్రసాద్
ఇక్కడ పంపేయవచ్చు. ఒప్పందంలో నన్ను ట్రేడ్ చెయ్యకూడదు అనే షరతు రాయించుకుంటే తప్ప అడ్డు లేదు. లీగ్‌లో పదేళ్ళు, అందులో చివరి అయిదేళ్ళు ఒకే జట్టులో ఉన్నవాడికి మాత్రం ఆ హక్కు దానంతట అదే వస్తుంది. డెవర్స్‌కు ఆ రెండూ లేవు. మధ్యాహ్నం యాంకీస్ మీద ఆడాడు, హోమ్ రన్ కొట్టాడు, సిరీస్ మూడూ గెలిచారు, సాయంత్రానికి వేరే జట్టు మనిషి.

బ్రెగ్‌మన్‌కు కబ్స్ ఆ షరతు ఇచ్చారు. మనవాళ్ళు దానికి ఒప్పుకోలేదని పత్రికల్లో వచ్చింది. డెవర్స్‌కు జరిగింది కళ్ళారా చూసినవాడు ఆ కాగితం అడగడంలో వింత లేదు.

గుంటూరు_క్రికెట్
ఇది చదువుతుంటే వార్నర్ గుర్తొస్తున్నాడు. 2016లో హైదరాబాద్‌కు కప్పు తెచ్చిన కెప్టెన్. 2021 సీజన్ మధ్యలో కెప్టెన్సీ తీసేశారు, ఆ తర్వాత జట్టులోంచే తప్పించి బెంచీ మీద కూర్చోబెట్టారు. మరుసటి వేలంలో ఢిల్లీ 6.25 కోట్ల రూపాయలకు తీసుకుపోయింది. తెలుగు పాటలకు ఇంటిల్లిపాదీ చిందేసి మనవాడైపోయిన మనిషి. మా ఇంట్లో ఆ సీజన్ తర్వాత హైదరాబాద్ మ్యాచ్‌లు చాలాకాలం చూడలేదు.

వెస్ట్‌బరో_లలిత
బెట్స్ పోయినప్పుడు మా ఇంట్లో సరిగ్గా ఇదే.

లెక్కల_మాస్టారు
బెట్స్ ట్రేడ్‌ను నేనెప్పుడూ సమర్థించలేదు. ఎందుకు తప్పో గుంటూరు తమ్ముడికి కూడా అర్థమయ్యేలా చెబుతాను.

ఈ లీగ్‌లో జీతాల మీద కచ్చితమైన పరిమితి లేదు. ఒక గీత ఉంది, అది దాటితే పన్ను కట్టాలి. దాటిన భాగం మీద మాత్రమే కడతారు, మొత్తం జీతాల మీద కాదు. మొదటి ఏడాది 20 శాతం, వరసగా రెండో ఏడాది 30, మూడో ఏడాది 50. ఒక్క ఏడాది గీత కిందికి దిగితే మళ్ళీ 20 నుంచి మొదలు. రెడ్ సాక్స్ 2018లో దాటి దాదాపు 1.2 కోట్ల డాలర్లు కట్టారు, 2019లో 1.3 కోట్లకు పైన కట్టారు. 2020కి గీత 20.8 కోట్లు. దాని కిందికి దిగాలని యాజమాన్యం పట్టుపట్టింది. బెట్స్ జీతం 2.7 కోట్లు, అతనితో పాటు పంపిన డేవిడ్ ప్రైస్ జీతం 3.2 కోట్లు, అందులో సగం మనమే భరించాం.

బెట్స్ తన విలువ ఎంతో మార్కెట్లో చూసుకుంటానన్నాడు, నిజమే. కానీ డాడ్జర్స్ అతన్ని తీసుకున్న కొన్ని నెలలకే, 2020 జులైలో, 12 ఏళ్ళకు 36.5 కోట్లకు ఒప్పించారు. ఏడాదికి కోటి, రెండు కోట్ల పన్ను తప్పించుకోవడానికి అలాంటి ఆటగాణ్ణి ఇవ్వడం ఏ లెక్కలోనూ కుదరదు.

అందుకే అంటున్నాను, బెట్స్ ట్రేడ్ పొదుపు కోసం జరిగింది, డెవర్స్ ట్రేడ్ గొడవ వల్ల జరిగింది. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

శాన్‌హోసే_శ్రీను
డెవర్స్‌కు బదులుగా వచ్చినవాళ్ళెవరూ నిలబడలేదు కదా మాస్టారూ. హిక్స్ మీ దగ్గర బంతి వేసినప్పుడల్లా పరుగులిచ్చాడు. టిబ్స్‌ను జులై నెలాఖరులో డాడ్జర్స్‌కు ఇచ్చి పిచర్ డస్టిన్ మేను తెచ్చుకున్నారు, అతనూ సీజన్ చివరి దాకా నిలవలేదు.

లెక్కల_మాస్టారు
హ్యారిసన్ వచ్చాడు, ఎడమచేతి పిచర్, అప్పటికి పాతికేళ్ళు కూడా లేవు. అయినా అసలు దొరికింది ఆటగాళ్ళు కాదు, ఖర్చు పెట్టే వీలు. ఈ చలికాలం దాన్ని వాడారు. ఫిలడెల్ఫియా నుంచి పిచర్ రేంజర్ సువారెజ్ వచ్చాడు, అయిదేళ్ళు, 13 కోట్లు. సెయింట్ లూయిస్ నుంచి పిచర్ సోనీ గ్రే, బ్యాటర్ విల్సన్ కాంట్రేరస్ వచ్చారు.

ట్రేడ్_వంశవృక్షం
సోనీ గ్రే పేరు ఎత్తారు కాబట్టి ఒక ముచ్చట. బెట్స్‌ను ఇచ్చి తెచ్చుకున్నది ముగ్గురిని: వెర్డూగో, జీటర్ డౌన్స్, కానర్ వాంగ్. డౌన్స్‌ను 2022 చివర్లో వదిలేశారు. వాంగ్ క్యాచర్‌గా ఉన్నాడు. వెర్డూగోను 2023 డిసెంబరులో యాంకీస్‌కు ఇచ్చారు, బదులుగా వచ్చిన ముగ్గురు పిచర్లలో రిచర్డ్ ఫిట్స్ ఒకడు. ఆ ఫిట్స్‌నే ఇప్పుడు మరొకరితో కలిపి సెయింట్ లూయిస్‌కు ఇచ్చి సోనీ గ్రేను తెచ్చారు.

ఇంకో విశేషం. సెయింట్ లూయిస్ తరఫున ఆ బేరం ఆడింది ఆ జట్టు వ్యవహారాలు చూసే హైమ్ బ్లూమ్. బెట్స్‌ను పంపింది ఆయన హయాంలోనే, 2023లో ఇక్కడి నుంచి తీసేశారు. బెట్స్ ట్రేడ్ నుంచి మొలిచిన కొమ్మ తిరిగి ఆయన చేతికే చేరింది.

యాష్‌లాండ్_రవి
ఇది నాకు తెలియదు! బెట్స్ పోయిన ఆరేళ్ళకు ముప్పై ఆరేళ్ళ సోనీ గ్రే. నాకు ఇంకా దిగులేసింది.

నేపర్‌విల్_నాని
ఎట్టకేలకు కబ్స్ వాడిని మాట్లాడనివ్వండి. మీకు ఒక్క సీజన్ ఆడి వెళ్ళిపోయాడని బాధ. మా కథ వినండి. 2024 డిసెంబరులో కైల్ టకర్ కోసం హ్యూస్టన్‌కు ముగ్గురిని ఇచ్చాం: పరేడెస్, వెస్‌నెస్కీ, ఆ ఏడాదే డ్రాఫ్టులో మొదటి రౌండులో తీసుకున్న కామ్ స్మిత్. టకర్ ఒక్క ఏడాది ఆడాడు. 92 గెలిచాం, మిల్వాకీ చేతిలో అయిదో మ్యాచ్‌లో ఓడి ఇంటికొచ్చాం. ఇప్పుడతను డాడ్జర్స్‌తో నాలుగేళ్ళకు 24 కోట్లకు సంతకం పెట్టాడు. బ్రెగ్‌మన్ కోసం మీరు డబ్బే ఇచ్చారు. మేము పిల్లల్ని ఇచ్చాం.

అందుకే బ్రెగ్‌మన్‌కు అయిదేళ్ళూ, ఆ షరతూ ఇచ్చారంటే నాకు సంతోషంగా ఉంది. ఈసారైనా ఒకడు ఉంటాడు.

హ్యూస్టన్_హరిత
కామ్ స్మిత్‌ను బాగా చూసుకుంటున్నాం నాని గారూ, దిగులు పడకండి. బ్రెగ్‌మన్ మా దగ్గర 2016 నుంచి 2024 దాకా ఆడాడు, రెండు కప్పులు గెలిచాడు. 2017లో ఎదుటి జట్టు క్యాచర్ సంకేతాలను కెమెరాతో దొంగిలించిన మచ్చ ఎప్పటికీ పోదు, దాన్ని వెనకేసుకు రాను. కానీ కుర్రవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని ఎదుటి పిచర్ వీడియోలు చూపిస్తూ నేర్పే గుణం అతనిది. బోస్టన్ పిల్లలు కూడా అదే చెప్పారు. అంకెల్లో కనబడని నష్టం మీకు అక్కడ ఉంటుంది.

ప్లేనో_ప్రసాద్
టకర్ కూడా డాడ్జర్స్‌కే. అక్కడే ఉన్న ఒతానీ తన 70 కోట్ల ఒప్పందంలో 68 కోట్లు 2034 నుంచి తీసుకుంటానన్నాడు, కాబట్టి పన్ను లెక్కలో ఏడాదికి 4.6 కోట్లే పడుతుంది. 2026 డిసెంబరు 1తో ఆటగాళ్ళ సంఘంతో ఉన్న ఒప్పందం ముగుస్తోంది. జీతాల మీద కచ్చితమైన పరిమితి పెట్టాలని యజమానులు, ఒప్పుకునేది లేదని ఆటగాళ్ళు. 2027లో ఆట సమయానికి మొదలవుతుందో లేదో.

యాష్‌లాండ్_రవి
డాడ్జర్స్‌ను తిట్టడం నాకు ఇష్టం లేదు ప్రసాద్ గారూ. వాళ్ళు తమ డబ్బును ఆట మీద పెడుతున్నారు. అభిమాని కోరేది అదే. నిబంధనలు మనకూ అవే కదా.

వెస్ట్‌బరో_లలిత
ఒక మంచి మాట కూడా చెప్పుకుందాం. రోమన్ ఆంటొనీని 2025 ఆగస్టులోనే ఎనిమిదేళ్ళకు 13 కోట్లకు కట్టేసుకున్నారు. రఫేలాను అంతకుముందే ఎనిమిదేళ్ళకు 5 కోట్లకు. బెట్స్ విషయంలో, నచ్చిన జట్టుకు వెళ్ళే హక్కు వచ్చే ఆరేళ్ళ సర్వీసు ముగియవచ్చేదాకా నాన్చి చేతులు కాల్చుకున్నవాళ్ళు, ఇప్పుడు పిల్లవాడు రాగానే సంతకం పెట్టిస్తున్నారు. మా చిన్నవాడు ఈసారి ఆంటొనీ చొక్కా అడుగుతున్నాడు. కొంటాను.

బ్రాంక్స్_బావగారు
పేరు లేనిదే కదా?

వెస్ట్‌బరో_లలిత
పేరుతోనే.

లెక్కల_మాస్టారు
ఇక చెయ్యాల్సిన పని. మేయర్‌ను థర్డ్ బేస్‌లో పెట్టి, స్టోరీని షార్ట్‌స్టాప్‌లో ఉంచితే సెకండ్ బేస్ ఖాళీ. మేయర్‌ను సెకండ్ బేస్‌కు తెస్తే థర్డ్ బేస్ ఖాళీ. ఎటు తిప్పినా ఒక ఇన్‌ఫీల్డర్ తక్కువ. అవుట్‌ఫీల్డ్‌లో మాత్రం ఆంటొనీ, డురాన్, అబ్రేయూ, రఫేలా నలుగురున్నారు, మూడే చోట్లు. డురాన్‌ను ఇచ్చి, కనీసం మూడు నాలుగేళ్ళు జట్టు చేతిలో ఉండే కుర్ర ఇన్‌ఫీల్డర్‌ను తెచ్చుకోవాలి. ఇదే సమయం.

యాష్‌లాండ్_రవి
డురానా? మళ్ళీ సొంతవాడేనా మాస్టారూ! ఫెన్వేలో అతను సెకండ్ బేస్ దాటి మూడో దానికి పరిగెత్తేటప్పుడు జనం లేచి నిలబడతారు. అబ్రేయూను ఇవ్వండి కావాలంటే.

లెక్కల_మాస్టారు
అబ్రేయూకు రైట్ ఫీల్డ్‌లో బంగారు గ్లవ్ ఉంది. ఫెన్వే రైట్ ఫీల్డ్ ఎంత విశాలమో, అక్కడ మామూలు ఫీల్డరుతో ఎందుకు గడవదో బెట్స్ అభిమానికి నేను చెప్పాలా?

నేపర్‌విల్_నాని
మా దగ్గర నికో హోర్నర్ ఉన్నాడు, సెకండ్ బేస్. మీ పిచర్ల సంగతి మాట్లాడుకుందామా?

యాష్‌లాండ్_రవి
ఎవరు కావాలో ముందు చెప్పండి. క్రోషె పేరు తప్ప.